శ్రమలయందు సంతోషము

ఇంటిలో ఒకరు నెలల తరబడి మంచము పట్టియున్నప్పుడు పలుకరింప వచ్చినవారు సాధారణముగా రెండు విధముల మాటలాడుదురు. కొందరు ‘కష్టములు కలకాలము కాపురముండవు’ అని ధైర్యము చెప్పుదురు. మరికొందరు ‘అంతయు మన మంచికే’ అని ఊరడింతురు. మొదటి మాట విన్నప్పుడు రోగి కొంత తేరుకొనును. రెండవ మాట విన్నప్పుడు ముఖము గోడవైపునకు త్రిప్పుకొనును. చెప్పినవారికి దురుద్దేశము లేదు. అయినను నొప్పి పడుచున్నవాడు ఆ నొప్పినే మేలని ఒప్పుకొనవలసి వచ్చినచో అది పుండుమీద కారము చల్లినట్లే యుండును.

బైబిలు చదువువారికి ఇంతకన్నను ఆశ్చర్యకరమగు మాట ఒకటి ఎదురగును. శ్రమలు వచ్చినప్పుడు సంతోషింపవలెనని అందు ఒకచోట గాక పలుచోట్ల బోధింపబడినది. యాకోబు పత్రిక ఇంచుమించుగా ఆ బోధతోనే ఆరంభమగును. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖలోను, పేతురు మొదటి లేఖలోను అదియే కనబడును. ఇది ఎట్లు సాధ్యము? బిడ్డ జ్వరముతో మూలుగుచుండగా తల్లి సంతోషింపవలెనా? పంట నీటిపాలైన రైతు పండుగ చేసికొనవలెనా? ఈ ప్రశ్నకు తగిన సమాధానము లేనిచో ఆ బోధ మనుష్యుని బాధను ఎగతాళి చేసినట్లగును. ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే సంబంధించినది కాదు. కష్టము మన మతమేదో అడిగి గడప దాటి వచ్చునది కాదు గదా! కావున ఆ విశ్వాసము ఈ విషయమున నిజముగా ఏమి చెప్పుచున్నదో పరిశీలింతము.

మొదట అది ఏమి చెప్పుట లేదో తెలిసికొనుట మంచిది. కష్టము స్వతహాగా మంచిదని క్రైస్తవ విశ్వాసము చెప్పదు. సువార్తలలో యేసు తన యొద్దకు వచ్చిన రోగులను ‘ఇది మీ మేలునకే’ అని పంపివేయలేదు, వారిని స్వస్థపరచెను. తన మిత్రుడగు లాజరు సమాధి యొద్ద ఆయన కన్నీరు విడిచెను. తాను పట్టుబడు రాత్రి గెత్సేమనే తోటలో మోకరించి, రానున్న శ్రమ వీలైనచో తొలగింపుమని తండ్రిని వేడుకొనెను. కనుక ఏడ్చుట అవిశ్వాసము కాదు, బాధ తొలగవలెనని కోరుట పిరికితనము కాదు. కీర్తనల గ్రంథమున 150 కీర్తనలున్నవి. వానిలో అనేకము స్తోత్రముగా గాక మొరగా ఆరంభమగుచున్నవి.

పాత నిబంధనలోని యోబు కథ ఈ సందర్భమున గుర్తు చేసికొనదగినది. యోబు సంపదను, సంతానమును, ఆరోగ్యమును పోగొట్టుకొని బూడిదలో కూర్చుండెను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు మిత్రులు అతనిని ఓదార్ప వచ్చిరి. అతని దుఃఖము ఎంత గొప్పదో చూచి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలపై మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచి మిత్రులే. నోరు విప్పినది మొదలు చిక్కు వచ్చినది. ఇన్ని శ్రమలు వచ్చినవనగా నీవేదో పాపము చేసియుందువని వారు వాదించిరి. గ్రంథాంతమున దేవుడు గద్దించినది ఆ మిత్రులనే. తన బాధను దాచక మొరపెట్టిన యోబు తన్నుగూర్చి యుక్తముగా పలికెనని దేవుడు చెప్పెను. పరుల కష్టమునకు కారణము చెప్పబోవువారందరును ఈ కథను మరువరాదు.

అట్లయిన శ్రమలలో సంతోషమేమి? దీనికి సమాధానము పౌలు జీవితములోను, లేఖలలోను స్పష్టముగా నున్నది. ఉత్తర గ్రీసు దేశమున మాసిదోనియ ప్రాంతములో ఫిలిప్పీ అను పట్టణముండెను. అచ్చట పౌలును, అతని సహచరుడగు సీలను బెత్తములతో కొట్టి, కాళ్లకు బొండవేసి, చెరసాలలోపలి గదిలో నుంచిరి. నడిరేయి వారిరువురు ప్రార్థించుచు పాడుచుండగా తక్కిన ఖైదీలు వినుచుండిరని అపొస్తలుల కార్యముల గ్రంథము తెలుపుచున్నది. కొన్ని సంవత్సరములైన పిమ్మట పౌలు మరొక చెరలోనుండి అదే పట్టణపు విశ్వాసులకు ఒక లేఖ వ్రాసెను. అది నాలుగు చిన్న అధ్యాయములు మాత్రమే. అయినను సంతోషమను మాట అందు పదికి పైగా పర్యాయములు వచ్చుచున్నది.

ఆ లేఖను నిదానముగా చదివినచో రెండు సంగతులు తేటపడును. పౌలు తన సంకెళ్లను చూచి సంతోషింపలేదు. ఆ సంకెళ్ల మూలమున జరిగినదానిని చూచి సంతోషించెను. కావలి సైనికులకు సువార్త తెలిసినది. బయట నున్న సహోదరులకు ధైర్యము పెరిగినది. ఇది మొదటి సంగతి. ఆకలిలోను సమృద్ధిలోను తృప్తిగా నుండుటను తాను నేర్చుకొంటినని అతడు చెప్పుకొనెను. ఇది రెండవది. ‘నేర్చుకొంటిని’ అను ఆ మాట గమనింపదగినది. ఈ సంతోషము కొందరికి పుట్టుకతో వచ్చు ఉల్లాస స్వభావము కాదు. అక్షరములవలెనే ఇదియు దిద్ది దిద్ది నేర్వవలసినది.

నేర్చుకొను వరుసను పౌలు రోమా లేఖ అయిదవ అధ్యాయమున చెప్పెను. శ్రమ ఓర్పును పుట్టించును; ఓర్పు పరీక్షకు నిలిచిన శీలమును ఇచ్చును; ఆ శీలమునుండి నిరీక్షణ కలుగును. ఓర్పు అని మనము అనువదించు గ్రీకు మాటకు ‘బరువు క్రింద నిలిచియుండుట’ అని అర్థము. చేతులు ముడుచుకొని సహించుట కాదు. తలపై బరువున్నను పారిపోక కాళ్లు నిలదొక్కుకొనుట. శీలమునకు వాడిన మాట లోహములను పరీక్షించు పనికి సంబంధించినది. పుటము వేసినప్పుడు బంగారము క్రొత్తగా పుట్టదు, ఉన్న బంగారమే తేలును. నిరీక్షణ యనగా రేపు అంతయు సవ్యముగా నుండునను ఊహ కాదు. నిన్నటి అగ్నిలో చేయి విడువనివాడు రేపును విడువడను నమ్మకము. ఈ వరుసలో ఒక మెట్టు దాటి మరియొక మెట్టునకు దుముకుటకు వీలులేదు. శ్రమ వచ్చిన దినముననే సంతోషమును అడుగుట విత్తిన దినముననే కోత కోరుట వంటిది.

వరుసను గ్రంథములో చదువుట సులభము. జీవితములో అది ఎట్లు నడచునో చూచుటకు మనము చాల దూరము పోనక్కరలేదు. చిత్తూరు సీమవారు ఏ పెద్ద జబ్బు చేసినను పోవు వేలూరులోనే దానికి ఒక నిదర్శనము కలదు. 1900 లో ఐడా స్కడర్ అను వైద్యురాలు ఒక్క మంచముతో ప్రారంభించిన చిన్న వైద్యశాల అచ్చట క్రమముగా గొప్ప ఆసుపత్రియు, వైద్య కళాశాలయు అయినది. ఆ కళాశాలకు 1946 లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. అతడు 1914 లో తమిళ దేశపు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించినవాడు.

ఆ దినములలో కుష్ఠువ్యాధి మాంసమును తినివేయుననియు, వ్రేళ్లు తమంతట తామే రాలిపోవుననియు వైద్యులు సైతము తలచుచుండిరి. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమమును చూడబోయినప్పుడు బ్రాండ్ ఒక రోగి చేయి పట్టుకొనెను. గోళ్లవలె వంగిపోయిన ఆ చేయి ఆశ్చర్యకరమగు బలముతో అతని చేతిని నొక్కెను. చేయి వంకరపోయినను అందలి కండరములు కొన్ని బలముగానే యున్నవని అతనికి తోచెను. మరియొకప్పుడు త్రుప్పు పట్టిన తాళమును తాను త్రిప్పలేకపోగా, ఒక రోగి బాలుడు సునాయాసముగా త్రిప్పెను. కాని బాలుని వ్రేలు ఎముక కనబడునంతగా తెగియుండెను. బాలునికి అది తెలియనే లేదు. రాత్రివేళ నిద్రించుచున్న రోగుల వ్రేళ్లను ఎలుకలు కొరుకుచున్నవనియు, వారికి మెలకువ రాదనియు తెలిసినప్పుడు, ఎలుకలను తరుముటకు రోగులకు పిల్లులను పెంప నిచ్చిరి.

ఈ పరిశీలనల ఫలముగా ఒక గొప్ప సత్యము బయటపడెను. వ్యాధి నరములను చంపును. నరములు చచ్చినచోట నొప్పి తెలియదు. నొప్పి తెలియనిచోట నిప్పును, ముల్లును, పదునైన అంచును చేయి తప్పించుకొనదు. వ్రేళ్లు పోవుట ప్రధానముగా ఈ గాయముల వలననే గాని, వ్యాధి తినివేయుటవలన కాదు. మనము తిట్టుకొను నొప్పి శరీరమునకు కావలివాడని బ్రాండ్ జీవితమంతయు బోధించెను. కాని అతడు ఎవరికిని నొప్పి కలిగించి సంతోషింప మనలేదు. తన దినములన్నియు ఇతరుల బాధ తగ్గించుటకే వెచ్చించెను. నొప్పికి ఒక పని యున్నదని తెలిసినవాడే దానిని తగ్గించుటకు అందరికన్న ఎక్కువగా పాటుపడెను. మనము పైన చెప్పుకొన్న విషయమునకు ఇది చక్కని ఉదాహరణము. కుష్ఠువ్యాధి నేడు బహుళ ఔషధ చికిత్సచే పూర్తిగా నయమగుచున్నదని ఇచ్చటనే చెప్పుట అవసరము. ముందుగా గుర్తించినచో అంగవైకల్యము కలుగకుండ కాపాడుకొనవచ్చును.

బ్రాండ్ చేసిన శస్త్రచికిత్స విధానము ఇంకను విచారింపదగినది. కండరమును ఎముకకు కట్టియుంచు త్రాటివంటి భాగమును స్నాయువందురు. చచ్చుబడిన కండరములను బ్రదికించుట అసాధ్యము. కావున చేతిలో ఇంకను బలముగానున్న కండరపు స్నాయువును దాని స్థానమునుండి విడదీసి, చచ్చిన కండరము చేయవలసిన పనికి దానిని క్రొత్త త్రోవన తెచ్చి కుట్టుదురు. తరువాత కొన్ని వారములు చేతిని కదల్పకుండ కట్టులో నుంచవలెను. పిమ్మట అభ్యాసము మొదలగును. ఇన్నాళ్లు ఒక పని చేసిన కండరమునకు మరియొక పని నేర్పవలెను. మొదటి దినములలో రోగి ఒక వ్రేలిని వంపదలచిన మరియొకటి కదలును. నేర్పు వచ్చుటకు దినదినము సాధన కావలెను. ఇంతయు అయిన పిమ్మట ఎన్నో ఏండ్లుగా ముడుచుకొనిన చేయి విచ్చి అన్నపు ముద్దను ఎత్తును.

ఇప్పుడు ఈ విషయమునకు ప్రాణమువంటి కథకు వచ్చితిమి. కొచ్చి సమీపమున 1925 లో జన్మించిన మేరీ వర్గీస్ వేలూరు కళాశాలలోనే చదివి వైద్యురాలయ్యెను. స్త్రీల వైద్యములో నైపుణ్యము సంపాదింపవలెనని ఆమె కోరిక. 1954 జనవరిలో సహచరులతో విహారమునకు పోవుచుండగా వారి వాహనము బోల్తాపడెను. ఆమె ముఖమునకు తీవ్రమైన గాయము తగిలెను. వెన్నెముక దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చుబడెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరములు. కాన్పు గదిలో గంటల తరబడి నిలువబడవలసిన వైద్యురాలు ఇక నిలువబడలేదు.

ఆ మొదటి నెలలలో ఆమె సంతోషించెనని ఎవరైన చెప్పినచో నమ్మనక్కరలేదు. నిరాశ ఆమెను కమ్ముకొనెను. పలు శస్త్రచికిత్సలు భరింపవలసి వచ్చెను. అట్టి సమయమున పాల్ బ్రాండ్ ఆమె యెదుట ఒక ప్రశ్న నుంచెను. పోయిన కాళ్లను గూర్చిన ప్రశ్న కాదది. మిగిలిన చేతులను గూర్చినది. కుష్ఠురోగుల చేతులకు చేయు శస్త్రచికిత్స కూర్చుండి చేయదగిన పని. ఆమె చేతులు బాగుగనే యున్నవి, వైద్యజ్ఞానము చెక్కుచెదరలేదు. ఆ పని ఆమె ఏల నేర్చుకొనరాదు?

ఆమె నేర్చుకొనెను. చక్రముల కుర్చీలో కూర్చుండియే స్నాయువులను మార్చి కుట్టు సూక్ష్మమైన పనిలో ఆరితేరెను. సంఘము వెలివేసిన రోగులు తమకు చికిత్స చేయ వచ్చిన వైద్యురాలు తమకన్నను ఎక్కువ వైకల్యము గలదని చూచి ఆశ్చర్యపడిరి. వారికి ఎన్ని ఉపన్యాసములు ఈయలేని ధైర్యమును ఆ కుర్చీ ఇచ్చెను. ‘ఈమె పని చేయగలిగినప్పుడు మనము ఏల చేయలేము?’ అను ఆలోచన వారిలో తనంతట తానే కలిగెను.

అంతటితో ఆమె ఆగలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు పోయి తనవంటివారికి ఇచ్చు పునరావాస చికిత్సను తాను పొందెను. కాళ్లు రాలేదు గాని స్వయముగా తన పనులు చేసికొను నేర్పు వచ్చెను. తరువాత న్యూయార్కులో హోవర్డ్ రస్క్ అను ప్రసిద్ధ వైద్యుని సంస్థలో ఆ శాస్త్రమునే అభ్యసించెను. తిరిగివచ్చి వేలూరులో అంగవైకల్య చికిత్సా విభాగమునకు అధిపతియయ్యెను. వెన్నెముక విరిగినవారు ఆసుపత్రిలోనే యుండి మరల జీవించుట నేర్చుకొనుటకై 1966 లో అచ్చట ఒక పునరావాస కేంద్రము వెలసెను. 1972 లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను. 1986 లో ఆమె కన్నుమూసెను. ప్రమాదమైన దినమునుండి కన్నుమూయువరకు ఆమె ఒక్క అడుగైనను మామూలుగా నడువలేదు.

ఈ చివరి మాటను మేము కావలెననియే చెప్పుచున్నాము. విశ్వాసమున్నచో శ్రమ తప్పక తొలగునని చెప్పువారు కలరు. పౌలు తన శరీరములోని ముల్లు తొలగింపుమని మూడు పర్యాయములు ప్రార్థించెను, ముల్లు తొలగలేదు. దానిని భరించు కృప లభించెను. మేరీ వర్గీస్ కాళ్లు రాలేదు. చేతులకు క్రొత్త పని లభించెను. శ్రమలలో సంతోషమనగా ఇదియే. పోయినదానిని మంచిదని పొగడుట కాదు; మిగిలినదానిని నమ్మి దానిని మరియొకరి కొరకు క్రొత్త త్రోవన మరల్చుట. శస్త్రవైద్యుడు చేతిలో చేయు పనినే విశ్వాసము జీవితములో చేయుచున్నదనవచ్చును. పాతపని విడిచిన స్నాయువునకు నొప్పి తప్పదు, అభ్యాసము తప్పదు. కాని చేయి తెరచుకొనును.

శ్రమ దానంతట అది ఎవరిని పెంచదు. అదే కష్టము ఒకని మెత్తగా చేయును, మరియొకని రాయిగా చేయును. తనకు తగిలిన దెబ్బను లెక్కించుకొనుచు కూర్చున్నవాడు క్రమముగా కుంచించుకొనిపోవును. తన దెబ్బవలన ఇతరుల దెబ్బను గుర్తింప నేర్చినవాడు పెరుగును. క్రైస్తవ విశ్వాసమునకు ఈ విషయమున ఒక ప్రత్యేకాధారము కలదు. సిలువ శ్రమను తప్పించుకొనక దానిగుండ నడచిన క్రీస్తు శ్రమపడువానికి తోడుగా నున్నాడని ఆ విశ్వాసము. ఒంటరిగా లేనని తెలిసినవానికి బరువు తగ్గకున్నను నిలుచు బలము వచ్చును.

మన ఇండ్లలో దీనిని ఎట్లు ఆచరింపవచ్చును? మొదటిది: కష్టములో నున్నవానికి కారణములు చెప్పకుడు. యోబు మిత్రులు మొదటి ఏడు దినములు చేసిన పనియే చేయుడు. ప్రక్కన కూర్చుండుడు, మందు త్రాగించుడు, రాత్రి కావలియుండి అలసిన ఇల్లాలిని కొంతసేపు నిద్రపోనిండు. రెండవది: కన్నీటిని అడ్డగింపకుడు. మూడవది: తగ్గని వైకల్యముతో ఇంటిలోనున్నవారిని పనికిరానివారిగా ఎంచకుడు. వారిని జాలితో చూచి అన్ని పనులనుండియు తప్పించుట ప్రేమవలె తోచును గాని, అది వారిని మరింత మూలకు నెట్టును. వారి యందు ఏమి మిగిలియున్నదో వారితో కలసి వెదకుడు. కన్నులు పోయిన తాతకు మనుమలకు కథ చెప్పు నోరున్నది. నడువలేని కోడలికి ఇంటి లెక్కలు వ్రాయు చేయి యున్నది. మంచముమీదినుండి లేవలేనివారికి సైతము మరియొక రోగికి ఒక జాబు వ్రాయించు మనస్సు ఉండవచ్చును.

నాలుగవది మనకు మనము చెప్పుకొనవలసినది. శ్రమ వచ్చిన దినమున సంతోషము రాలేదని దిగులుపడనక్కరలేదు. పౌలు చెప్పిన వరుసలో మొదట వచ్చునది ఓర్పు మాత్రమే. ఆ దినమునకు బరువు క్రింద నిలిచినచో చాలును. మరునాడు మిగిలినది ఏమున్నదో చూచుకొనవచ్చును. దానిని ఎవరికి ఈయవచ్చునో కొన్నాళ్లకు తెలియును. ఇచ్చిన పిమ్మట ఏదో ఒక దినమున, మనము పిలువకయే, సంతోషము మన ప్రక్కన వచ్చి కూర్చున్నదని గమనింతుము.